సత్తు పడవకి రాగి మేకులు

గున్నయ్యా,

ఈ సత్తు పడవ కట్టించిన కంత్రాటుదారూ, ఆడికి వత్తాసు పలికే మేస్త్రీలూ మనుషుల్ని సంపడానికే పూనుకున్నారు. దొరలు కూకునే బల్లకి మెత్తలు కుట్టించారు, పైన ఎండ తగలకుండా గుడ్డ కప్పించారు. బర్మాలో రంగం ఎల్లే ఓడ దాకా ఈ పడవలో పోయే కూలోళ్ళు పట్టుకోడానికి అంచుకి తాడైనా కట్టలేదు. అది సాలదన్నట్టు సత్తు రేకులకి రాగి మేకులు కొట్టించారు. సత్తు గిన్నెలో ఆవకాయేసి రాగి గరిటె వదిలేస్తే గిన్నెకి సిల్లు పడతాదని మనమ్మకి తెలుసు, ఈళ్ళకి తెలీదట. సముద్రం నీరూ ఉప్పే కదా! పొద్దున్న నువ్వు లేవకముందే ఎల్లి సూసేను. మేకుల సుట్టూ తెల్లపొడి లేచింది. గోటితో గీకితే రేకు రాలింది.

నేను ఛత్రపురం కలెక్టరాఫీసుకి ఎల్తన్నాను. ఒరిస్సా వేరయ్యేక తెలుగు అర్జీ ఎవడు సదువుతాడో తెలీదు, అందుకే ఒడియాలోనూ రాసుకున్నాను. కుండలో గంజుంది, తాగు. నిన్న రేవులో నేనీ మేకుల సంగతి ఎత్తితే అందరూ "మీ అప్పకి పిచ్చిరా" అంటే నువ్వూ నవ్వేవు. నవ్వితే నవ్వేవు గానీ, ఆ పడవ నడిపే తండేలువి నువ్వే.
అప్ప

మద్దేనం ఓడొస్తాది, నలభైమంది ఎక్కుతారు. ఎవడు కేకలేసినా ఆ పడవ నీట్లోకి తొయ్యకు. తాళ్ళతో కుట్టిన మన పాత పడవే దింపు, దాని అంచు పొడుగునా పట్టుకోడానికి తాడు కట్టించు.