పంచెలో మత్తు లేదు బావా

ఎమ్మిగనూరు,
ఆదివారం.

ఓబుళేశు బావకు నమస్కారం.

డోన్ పెళ్లిలో నువ్వు పడీపడీ నవ్వుతా బ్యాండు ముందర చిందేసి, పురోహితున్ని ఎత్తుకోని తిరిగినందుకు మా ఉరుకుందక్క నాతో మాట్లాడడం మానేసింది. నేను నేసిచ్చిన హెంప్ పంచె కట్టుకున్నందుకే మత్తెక్కిందని నువ్వు చెప్పినావంట. అది గంజాయి జాతి చెట్టు నార కదా అని ఊరంతా నమ్మింది. నా మగ్గం దిక్కు ఇప్పుడు ఎవరూ రావడం లేదు.

కెమిస్ట్రీ చదివే మా పాప పవిత్రను అడిగినా. ఆ చెట్టులో వందకు పైగా పదార్థాలు ఉంటాయంట. మత్తెక్కించేది టీహెచ్‌సీ. దాని తమ్ముని మాదిరి సీబీడీ అని ఇంకొకటి ఉండాది, అది మత్తెక్కించదు. రెండూ పూలల్లో, వాటి జిగురులో ఉంటాయి గానీ కాండం నారలో దాదాపు ఉండవంట. అయినా నువ్వు పంచె కట్టుకున్నావు గానీ నమిలి మింగలేదు కదా బావా!

కాల్చి పారేయమని అక్క ఆ పంచెను నిన్న బస్సులో పంపించింది. విప్పి చేత్తో పట్టుకోంగానే తెలిసిపోయింది. అది ఉత్త నూలు పంచె. నూలు పంచెకూ హెంప్ పంచెకూ ఒకటే ఎర్రంచు వేసినా కదా, మడతపెట్టేటప్పుడు తారుమారు చేసినా. తప్పు నాదే.

హెంప్ పంచె ఈడనే ఉండాది. పొద్దున నుంచి దాన్నే కట్టుకోనుండా. ఇంతవరకు ఒక్క నవ్వు గూడా రాలేదు.

ఆ పొద్దు నువ్వు యాడ, ఏం తాగినావో అక్కకు నువ్వే చెప్తావా, నన్ను చెప్పమంటావా? బేస్తవారం దాకా చూస్తా.

నీ బామ్మర్ది