కణాల నిండా సూదులు

అక్కా,

ఈరోజు నీ తద్దినం. ఉదయమే నీ ఫొటోకి దండ వేసి, నేనూ నీ కూతురు లతా ఆసుపత్రికి వెళ్ళాం. నన్ను వదలని దగ్గుకి కారణం ఊపిరితిత్తిలో పెరిగిన గడ్డేనని పోయిన నెల స్కాన్‌లో తేలింది. ముక్క తీసి పరీక్ష చేశారు గానీ, ఇక్కడేమీ తేలక దాన్ని ఇంకో పరీక్షకి కలకత్తా పంపారు. నిన్ను తీసుకుపోయిందీ ఊపిరితిత్తి క్యాన్సరే కదా, నా గడ్డ సంగతి తెలిసినప్పటినుంచీ లతకి అన్నం సయించడం లేదు.

కలకత్తా రిపోర్టు ఈరోజు వచ్చింది. మైక్రోస్కోపులో కనబడిన దాన్ని డాక్టర్‌బాబు తెర మీద చూపించాడు. గులాబీరంగు కణాల నిండా సూదుల్లాంటి స్ఫటికాలు కిక్కిరిసి ఉన్నాయి. ఇలాంటివి చాలా అరుదన్నాడు.

"అమ్మకొచ్చినదేనా ఏటి?" అని లత నన్ను తెలుగులో అడిగింది. ఆయనకి తెలుగు రాదు కదా, అదే నేను హిందీలో అడిగాను.

కాదన్నాడు. ఇది లింఫోమా అట, తెల్లకణాల్లో పుట్టే క్యాన్సర్. ఆ కణాలు తయారుచేసిన ప్రోటీనే పేరుకుని అలా సూదులయిందట. మెల్లగా పెరిగే రకమే, మందుకి లొంగుతుంది, కానీ ఎముకల మూలుగలోకి పాకిందేమో చూడాలన్నాడు.

ట్రాఫిక్‌ పేటలోని మనింటికి తిరిగొస్తుంటే ఆటోలో లత నా చెయ్యి వదల్లేదు.

"నువ్వు కూడా ఎల్లిపోతే నానేటి సెయ్యాలమ్మా?" అంది.

నువ్వు పోయాక ఇన్నేళ్ళూ నన్ను పిన్నీ అనే పిలిచిందక్కా.

"ఏటీ అవదే, ఊరుకో" అన్నాను. దానికలా చెప్పాను గానీ, నాకు బతకాలనుంది. ఇంత భయం నేనెప్పుడూ ఎరగను.