రోజుకొక ఫోటో

మద్రాసు,
విరోధి సం॥ శ్రావణ మాసం, 11-8-1949

పూజ్యురాలైన అక్క రుక్మిణమ్మకు, చెల్లెలు దేవకి నమస్కారాలు. బావగారికి కూడా. నీ దగ్గరున్న నా బిడ్డలకు ముద్దులు.

అందరం క్షేమమని రాయడం వాడుక. నా మటుకు సగం క్షేమమనుకో.

తలకు ఆపరేషనయ్యాక చూపు తేటపడింది. ఈ నాలుగు ముక్కలూ నా చేత్తోనే రాస్తున్నాను. మెదడులో గడ్డను చాలావరకు తీశారట, వేరు మిగిలిందట. ఇలాంటి గడ్డ ఎక్కడో ఒకరికి గానీ రాదని డాక్టరు చెబితే, మీ మరిదికి అదొక గొప్ప. మా ఇంటిదానికి జబ్బు గూడా అందురికీ వచ్చేది రాలేదప్పా అని పక్క మంచం వాళ్ల మనిషితో అంటున్నాడు! నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మిగిలిన వేరును కరెంటు వెలుగుతో మాడ్చాలట. లేకుంటే గడ్డ మళ్లీ పెరిగి ప్రాణం మీదికే వస్తుందట. ఆ వెలుగు పడినచోట జుట్టు ఇక మొలవకపోవచ్చట. చిక్కు అక్కడే వచ్చింది. నాకు నయమైతే నా తలనీలాలు కొండకు ఇస్తానని అత్తమ్మ మొక్కుకుంది కదా. ఆపరేషనుకు ముందు ఆసుపత్రి మంగలి గొరిగేస్తే, మొక్కిన జుట్టు మీద ఇంకొకడి కత్తి పడిందని రెండు పూటలు అన్నం మానేసింది. మళ్లీ పెంచి ఇద్దాంలే అని ఎలాగో సర్దుకుంది. ఇప్పుడు అసలు మొలవదంటే ఊరుకుంటుందా? సామి సొత్తును కాల్సుకుంటారా, మూట గట్టండి, మనూరు పూతలపట్టుకు పోదాం అంటుంది. మీ మరిది అమ్మకు ఎదురు చెప్పడు, నా మొహమూ చూడడు. నాకు బతకాలని ఉంది అక్కా. సిగ్గు విడిచి రాస్తున్నాను.

ఇంకా ఏదీ తేలలేదు. అంతదాకా రోజూ కింది గదికి తీసుకుపోయి తలకు ఎక్స్‌రే ఫోటో తీస్తున్నారు. మీ తిరుచానూరు అమ్మవారికి నా పేరిట ఒక దండ వేయించు.

ఇట్లు,
నీ చెల్లెలు
దేవకి

తా.క. పైదంతా బావగారికీ ఇరుగుపొరుగుకీ చదివి వినిపించు. ఇది మాత్రం నువ్వొక్కదానివే చదువుకో. అవి ఫోటోలు కావు. వైద్యం మొదలైంది. చేయమని డాక్టరుతో చెప్పింది నేనే. అత్తమ్మకు ఫోటోలని అబద్ధం చెప్పాను. నిన్న ఆమె ఆ గది బయటే కూర్చుని, నేను రాగానే నా తల తడిమింది. ఒకచోట చర్మం కమిలి ఉంది. ఫోటో తీస్తే తోలు కమిలేది నేను యాడా సూల్లేదు మే అంది. ఆమె తన కొంగు నా తలమీద కప్పి, కొండమింద సామి సూడని బోడితలా ఇది? నువ్వు బతికి రా, ఆయప్పకు నేను సెప్పుకుంటా అంది. ఊళ్లో ఎవరడిగినా మాత్రం ఇద్దరం ఫోటోలనే చెప్పాలట.