ఎడమ లివర్

నస్పూర్, మంగళవారం రాత్రి

పాత పొక్లెయిన్‌లో ఎడమ లివర్ లాగితే బకెట్ పైకి లేచేది. ఈ కొత్తదాంట్లో అదే లాగితే బకెట్ లోపలికి, క్యాబిన్ వైపు వస్తుంది. లేపాలంటే కుడిది లాగాలి. నాకు తెలుసు. ఇన్నాళ్లూ ఒక్క తప్పూ చేయలేదు.

ఈరోజు మురికినీటి మోరీ తవ్వుతుంటే, గుంత చూసి చెప్పడానికి బకెట్‌కూ బండికీ మధ్య నిలబడ్డ నా బామ్మర్ది సమ్మయ్య ఒక్కసారిగా అరిచాడు.

"బావా, లేపు లేపు! కింద కరెంటు వైరుంది!"

ఎడమది లాగేశాను. బకెట్ సూటిగా వాడి మీదికి వచ్చింది. పక్కకు దూకాడు కాబట్టి బతికాడు.

"ఏం గాలే బావా, ఫికర్ చెయ్యకు" అన్నాడు. వాడి చొక్కా జేబు చినిగి వేలాడుతోంది.

ఆలోచించి నడిపినంతసేపూ చేతులు నా మాట వింటున్నాయి. ఉలిక్కిపడితే పాత బండికే పోతున్నాయి. అంటే భయపడకూడదు. ఎట్లా?

"తమ్ముడు మంచిగున్నడా?" అని ఇంటికి రాగానే నా భార్య రజిత అడిగింది. "మంచిగనే ఉన్నడు" అన్నాను.

రేపు కూడా ముందు నిలబడేది వాడే. కుడి, కుడి అని అనుకుంటూనే ఉన్నాను. ఇప్పుడే వీధిలో లారీ గట్టిగా హారన్ కొట్టింది. పెన్ను పట్టిన కుడి చెయ్యి కదల్లేదు. ఎడమది గుప్పిట బిగించి వెనక్కి లాగింది.