అక్క దగ్గరున్న సగం పాట

అక్కా, నీ కాళ్లకు దణ్ణం పెట్టి నీ చెల్లెలు రాసుకునేది. నేను బాగానే ఉన్నాను, నా గురించి బెంగపడకు. నీ గురించి ఆ పని నేనే చేస్తున్నాగా. నీ దగ్గు తగ్గిందా?

ఇక్కడ నా మనవరాలు పాటల మీద పెద్ద చదువు చదువుతోంది, నవ్వకు. రేడియో పాటలు జనం నోళ్లలోకి ఎట్లా ఎక్కాయో రాస్తుందట. నన్ను టేపురికార్డరు ముందు కూర్చోబెట్టి, మనం మిల్లులో పాడుకున్న పాట పాడమంది. ఒక లైను పాడి ఆగాను, ఇంకోటి పాడి ఆగాను.

"మిగతాది మింగేశావా అమ్మమ్మా?" అంది.

"మా అక్క దగ్గరుందే" అన్నాను.

టీకొట్టు రేడియోలో వారానికోసారి వచ్చే పాట ఒక్కరికే పట్టుబడేది కాదని, ఒక లైను నేను, ఒక లైను నువ్వు పంచుకుని గుర్తుపెట్టుకునేవాళ్లమని చెప్పాను. పిచ్చిది గంతులేసింది. తన చదువుకి ఇదే కావాలట. అసలు రికార్డు తెచ్చి వినిపించింది. అన్ని మాటలూ ఉన్నాయి గాని, నువ్వు లేవు.

మందు వేళకి వేసుకుంటున్నావా? నీ దగ్గర వదిలేసిన నా నీలం శాలువా ఎండలో వెయ్యి, పురుగు పట్టేను. కోడలి మీద అరవకు. పిల్లలకు నా దీవెనలు.

బావ పోయినప్పటి నుంచి నువ్వు పాట ఊసే ఎత్తడం లేదని మీ పెద్దాడు రాశాడు. మాటలు రాసి పంపకు అక్కా, వాణ్ణి తోడు తీసుకుని నువ్వే రా. టేపులో నీ వంతులన్నీ ఖాళీగానే ఉంచమన్నాను.