టార్పాలిన్ కింద పన్నెండు రాత్రులు

జూన్ 5, సోమవారం. ఉదయం 9:40

రిప్లై వచ్చింది!! నాలుగు నెలలుగా ఈ కేంబ్రిడ్జ్‌లో (ఆ పేరుమోసిన యూనివర్సిటీ ఊరు కాదు) నేను రెజ్యూమె ఇవ్వని షాపు లేదు. మొన్న ఒక గ్రాసరీ స్టోర్‌లో రెండు పోస్టులకి లైను పార్కింగ్ దాటి బస్టాపు దాకా వెళ్ళింది. లైన్లో సగం మంది మా కాలేజీ. అలాంటిది ఒక మనిషి తనంతట తాను ఫోన్ చేసి "నిఖిలేనా?" అని అడిగింది.

పేరు బ్రెండా. నది ఒడ్డున పిల్లల సమ్మర్ క్యాంపు నడుపుతుంది. జూలై, ఆగస్టు ఫుల్‌టైమ్ పని! "ఆరుబయట వెయ్యి మందికి నీడ కట్టిన అనుభవం ఉంది" అని రాశా కదా, అది చూసి మురిసిపోయింది.

పూర్తిగా అబద్ధం కాదు. జనగామలో మా నాన్న కొమరయ్యది టెంట్ హౌస్. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళో సగం పెళ్ళిళ్ళకి షామియానా మాదే. కట్టింది నేను అని రాయడం మాత్రం కాస్త సర్దుబాటు. నేనెప్పుడూ కట్టలేదు. అక్కడి కాలేజీ రోజుల్లో మా ట్రాలీ ఆటో ఎదురొస్తే మొహానికి చున్నీ చుట్టుకుని పక్క సందులో దూరేదాన్ని.

17న, శనివారం, ట్రయల్. టెంటు ఉండదు. ఎవరి టార్పాలిన్, ఎవరి తాళ్ళు వాళ్ళవే. గూడు కట్టుకుని రాత్రంతా దాని కింద పడుకోవాలి. తెల్లారేసరికి పొడిగా ఉన్నవాళ్ళకి ఉద్యోగం.

తీర్మానం:
1. ఈ రోజు నుంచి 16 దాకా, పన్నెండు రాత్రులు, పెరట్లో టార్పాలిన్ కట్టుకుని దాని కిందే పడుకుంటా.
2. సాకులు చెప్పను.
3. నాన్నకి చెప్పను. ఉద్యోగం వచ్చాక చెప్తా.

సాయంత్రం 6:15

టార్పాలిన్ కొన్నా. నీలం రంగు, అంచుల నిండా ఇనుప రింగులు. అందంగా ఉంది!

పై అంతస్తులో ఇంటి ఓనర్లు జనార్ధనరావు అంకుల్, సుగుణ ఆంటీ ఉంటారు. అంకుల్ రిటైర్డ్ ఇంజనీరు. పెరడు వాడుకుంటానంటే, "వాడుకో అమ్మా. కానీ వాన పడితే నీళ్ళు ఎటు పోతాయి? అది ఆలోచించావా?" అన్నారు.

"అంకుల్, మాది టెంట్ హౌస్" అన్నా. ఆయన తల ఊపి పైకెళ్ళిపోయారు. ఆంటీ మాత్రం పుదీనా తొక్కితే ఊరుకోనన్నారు.

8:30

కట్టేశా!!! రెండు మూలలు ఫెన్స్‌కి. మూడోది మంచు తీసే పారకి, నాలుగోది మాప్ కర్రకి. క్యారమ్ బోర్డులా బల్లపరుపుగా వచ్చింది. అచ్చం షామియానానే. విచిత్రం ఏంటంటే ముళ్ళు వాటంతట అవే పడ్డాయి. రెండో తరగతిలో ఉన్నప్పుడు షాపులో నాన్న పక్కన కూర్చుని నేర్చుకున్నవి, లాగేకొద్దీ బిగుసుకుంటాయి.

నా రూమ్మేట్ కావ్యశ్రీది రాజమండ్రి. బయటికొచ్చి చూసి, "ఏవిటే ఇది, పెళ్ళెవరిది?" అంది. దానికి కుళ్ళు.

జూన్ 6, మంగళవారం. ఉదయం 8:05

నిద్ర లేచింది లోపల, నా పరుపు మీద. 10:20కి మంచినీళ్ళు తాగడానికని వచ్చా. ఆ తర్వాత ఏం జరిగిందో గుర్తు లేదు. అర రాత్రి లెక్క. ఇంకా పదకొండున్నర ఉన్నాయి. కంగారేం లేదు.

జూన్ 7, బుధవారం

నిన్నటి నుంచీ పొగ! ఎక్కడో అడవులు తగలబడుతున్నాయట, సూర్యుడు ఎర్రగా దానిమ్మ గింజలా ఉన్నాడు. బయట తిరగొద్దని ఫోన్లో హెచ్చరికలు. నేను చట్టానికి లోబడి బతికే విద్యార్థిని. స్టడీ పర్మిట్ మీద ఉన్నదాన్ని. లోపలే పడుకున్నా.

జూన్ 9, శుక్రవారం

పొగ తగ్గింది. దోమలు వచ్చాయి. కావ్య బిర్యానీ చేసింది. ఈ మూడింటిలో ఏది కారణమో రాయను. సాకులు చెప్పనని తీర్మానం ఉంది.

జూన్ 10, శనివారం. ఉదయం 10:00

పెరట్లోకి వెళ్తే నా టార్పాలిన్ నేల మీద పరిచి ఉంది. దాని మీద వరసలు వరసలుగా సగ్గుబియ్యం వడియాలు!

"నువ్వెలాగూ వాడట్లేదు కదమ్మా" అన్నారు ఆంటీ. "నాలుగు ఎండలు తగిలితే చాలు."

పెద్దావిడ. ఎలా కాదంటాం?

10:20

నిజం రాయాలి. చాలా హాయిగా అనిపించింది.

జూన్ 13, మంగళవారం. సాయంత్రం 5:30

వాన. ఆంటీ, నేను, కావ్య ముగ్గురం పరుగెత్తి వడియాలు లోపలికి తెచ్చాం. టార్పాలిన్‌కి అతుక్కున్నవి గీకితే సగమే వచ్చాయి.

"ఇప్పుడు కట్టవే, వాన్లో ప్రాక్టీసవుతుంది" అంది కావ్య.

వాన్లో కడితే టార్పాలిన్ తడిసిపోతుంది కదా! తడిసింది శనివారానికి ఎలా పట్టుకెళ్ళను? ఈ పిల్లకి ఏమీ తెలీదు.

జూన్ 15, గురువారం

టార్పాలిన్ కట్టే వీడియోలు పదకొండు సేవ్ చేసుకున్నా. ఇంకా చూడలేదు. సేవ్ చేయడమే సగం పని.

ఇప్పటిదాకా బయట గడిపిన రాత్రులు: అర.

జూన్ 16, శుక్రవారం. సాయంత్రం 7:00

రేపు రాత్రి వాన పడే అవకాశం ఎనభై శాతం.

"నీకేం భయం, టెంట్ హౌస్ మహారాణివి" అంది కావ్య. భయం లేదన్నా.

భయంగానే ఉంది. ఇది పోతే మళ్ళీ ఆ బస్టాపు లైను. మళ్ళీ ప్రతి ఆదివారం నాన్నతో "ఇంటర్వ్యూలు నడుస్తున్నయ్" అనాలి. ఆయన ప్రతి ఆదివారం "మంచిది బిడ్డా" అంటాడు. ఆ మాట వింటే నాకు తిండి సయించదు.

జూన్ 17, శనివారం. సాయంత్రం 7:10

క్యాంపు. చెట్లు, నది, ఆరుగురం. నాది పదిహేను నిమిషాల్లో అయిపోయింది. నాలుగు మూలలూ సమానం, ఎక్కడా ముడత లేదు.

మిగతావాళ్ళని చూస్తే జాలేసింది. అందరూ ఒక పక్క చెట్టుకి పైన కట్టి, రెండో పక్క నేలకి దించేసి మేకులు కొడుతున్నారు. పాపం, నేర్పేవాళ్ళు లేరు. నా పక్కనున్న ఓవెన్ అనే కుర్రాడు మంచివాడు. నది అవతలి ఊరు. వాడిది మరీ ఏటవాలుగా ఉంది. వెళ్ళి, "మా కుటుంబం ఇరవై రెండేళ్ళుగా ఇదే పని చేస్తోంది" అని చెప్పి, వాడిది కూడా బల్లపరుపుగా సరిచేశా.

"థాంక్స్, నిఖిలా!" అన్నాడు.

బ్రెండా దూరం నుంచి చూస్తూ ఏదో రాసుకుంది. మంచిదే అయ్యుంటుంది.

జూన్ 18, ఆదివారం. ఉదయం 5:50

మంచిది కాదు.

ఒంటి గంటకి వాన మొదలైంది. గంటన్నరలో నా పైకప్పు నీళ్ళతో నిండిపోయి, కుండలా నా ముక్కు దాకా దిగింది. ఈలోగా రెండు రాకూన్లు వచ్చాయి, ఇక్కడ రాత్రిళ్ళు తిండి దొంగిలించే పిల్లుల్లాంటి జంతువులు. టార్పాలిన్‌కి అతుక్కున్న ఆంటీ వడియాలు వానకి నానాయి కదా, అంచు పట్టుకుని తీరిగ్గా నాకుతున్నాయి!

ఏం చేయాలో తోచలేదు. చేతికి కర్ర దొరికింది. పెళ్ళిళ్ళలో వాన పడితే మా పనివాళ్ళు ఏం చేస్తారో అదే చేశా. కింద నుంచి పైకి ఒక్క పోటు పొడిచా.

అక్కడ కూడా ఆ నీళ్ళు ఎప్పుడూ పక్క వరసలో కూర్చున్నవాళ్ళ మీదే పడతాయి. ఇక్కడ పక్క వరస ఓవెన్. వాడు అరుస్తూ లేచి నిలబడ్డాడు. తల తగిలి, నేను సరిచేసిన వాడి పైకప్పు కూడా వాడి మీదే కుమ్మరించుకుంది. ఆ ఊపుకి వాడు కట్టిన తాళ్ళు సగం ఊడొచ్చి నా మీద పడ్డాయి. రాకూన్లు మాత్రం కదల్లేదు.

మిగతా నలుగురూ ఏటవాలు టార్పాలిన్ల కింద పొడిగా కూర్చుని మమ్మల్ని చూశారు.

6:40

బ్రెండాకి చెప్పేశా. ఆ వెయ్యి మందికి నీడ కట్టింది మా నాన్న, నేను కాదు అని. ఓవెన్‌ది చెడగొట్టింది కూడా నేనే, వాడి తప్పేం లేదు అని.

ఆమె నా టార్పాలిన్ దగ్గరికెళ్ళి మూలలు చూసింది. అన్ని బకెట్ల నీళ్ళు మోసినా నా ముడి ఒక్కటీ జారలేదు. విప్పబోయింది, రాలేదు.

"ఇది ఎవరు నేర్పారు?"

"మా నాన్న."

"ఇవాళ ఫాదర్స్ డే. ఫోన్ చెయ్" అంది.

చేశా. జనగామలో నాలుగు కావస్తోంది. స్పీకర్లో పెట్టి, "నాన్నా, వానొస్తే షామియానా ఎట్ల కడ్తవ్?" అన్నా.

"వానొస్తే ఎవడన్న కడ్తడా బిడ్డా? ఇప్పుకొని ఇంటికొస్తం."

ఇంగ్లీషులో చెప్తే బ్రెండా పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"నాన్నా, షామియానాలు నేనే కట్టిన అని రాసిన, ఉద్యోగం కోసం."

అవతల నాన్న ఫ్యాన్ ఆపిన చప్పుడు వినిపించింది.

"నువ్వెప్పుడు కట్టినవ్? మన బండి కనవడ్తే సున్నీ కప్పుకొని సందులకు ఉరికేదానివి."

"నీకు ఎరుకేనా?"

"సున్నీ కొనిచ్చింది నేనేనాయె, గుర్తు పట్టనా? నీకు నామోషీ అయితదని నేనే బండి ఆపి, నువ్వు పొయ్యేదాక ఆగేటోణ్ణి."

ఏడ్చేశా. వాన నీళ్ళని చెప్పుకోవడానికి కూడా లేదు, వాన ఆగి గంటైంది.

బ్రెండాకి మాటలు అర్థం కాలేదు గానీ టవల్ తెచ్చిచ్చింది. వచ్చే శనివారం మళ్ళీ రమ్మంది, నన్నూ ఓవెన్నీ. షరతు ఒకటే. ఓవెన్ టార్పాలిన్‌కి పది అడుగుల దూరంలో ఉండాలి.

జూన్ 19, సోమవారం. ఉదయం 8:15

నాన్న వీడియో పంపాడు. మా షాపు వెనక ఒక టార్పాలిన్, ఒక పక్క పైకి, ఒక పక్క నేలకి కట్టి ఉంది. మా పనివాడు భీమారావు నిచ్చెనెక్కి పైనుంచి బకెట్ల కొద్దీ నీళ్ళు గుమ్మరిస్తున్నాడు. కింద ప్లాస్టిక్ కుర్చీలో నాన్న. ఒంటి మీద చుక్క పడలేదు.

"ఒక దిక్కు వంచి కట్టాలె బిడ్డా. వానకు కట్టుమని ఇన్నేండ్లల్ల నన్ను ఎవ్వరడగలే. నువ్వడిగినవ్."

స్టేటస్ పెట్టా. కింద రాశా: మా నాన్న కొమరయ్య. మాది టెంట్ హౌస్. జనగామ కాలేజీ వాళ్ళెవరినీ హైడ్ చేయలేదు.

సాయంత్రం 6:00

కొత్త తీర్మానం:
1. ఈ రోజు నుంచి ఐదు రాత్రులు. పెరట్లోనే.
2. సాకులు చెప్పను. ఈసారి నిజంగా.
3. రోజూ ఫోటో తీసి నాన్నకి పంపుతా.

6:20

ఆంటీ గిన్నెతో వచ్చారు. రెండో వాయి వడియాలట. "మీ మంచం మీద దుప్పటి పరిచి పెట్టుకోండి ఆంటీ" అన్నా. గిన్నె పట్టుకుని అక్కడే నిలబడి నన్ను ఎగాదిగా చూశారు.

6:45

ఒక దిక్కు వంచి కట్టా. అంకుల్ వచ్చి వంగి చూసి, "నీళ్ళు ఇటు పోతాయి" అన్నారు. ఆయన మొహంలో ఇంత సంతోషం ఎప్పుడూ చూడలేదు.

8:50

చినుకులు మొదలయ్యాయి. టార్పాలిన్ తడుస్తుందేమో.

తడవనీ.