కెప్టెన్ వీలునామాలో హన్నా

మంగళవారం, విండ్సర్, కెనడా

ఇంకా నమ్మలేకపోతున్నాను.

ఆదివారం చర్చి పక్కన సమాధుల తోటలో రెండొందల ఏళ్ల కిందట పోయిన ఒక కెప్టెన్‌కి కొత్త రాయి పెడుతున్నారు. డాక్టరుగా రిటైరయ్యాక నాలుగేళ్లుగా అక్కడ పాత రాళ్లు శుభ్రం చేస్తున్నానని నన్నే మాట్లాడమన్నారు. ఆయన అమెరికాలో పుట్టాడు. అక్కడి తిరుగుబాటులో బ్రిటిష్ రాజు పక్షాన పోరాడి, ఓడి, భూములన్నీ పోగొట్టుకుని, నది దాటి ఇక్కడికొచ్చాడు. అన్నీ వదిలేసి మళ్లీ మొదలుపెట్టిన మనిషి, ఇండియా వదిలొచ్చిన మాలాంటివాడే అని మురిసిపోతూ ప్రసంగం రాసుకున్నాను.

ఈరోజు చర్చి రికార్డులు చూసే మార్గరెట్ ఆయన వీలునామా తెచ్చి చూపించింది. భార్యకు ఇల్లు. కొడుక్కి గుర్రాలు. కూతురికి రెండు ఆవులు, హన్నా అనే నల్లపిల్ల.

ఆ లైను మళ్లీ చదివాను. "కెనడాలో కూడా బానిసలున్నారా?" అన్నాను.

"ఇక్కడ కూడా, డాక్టర్. ఆమెనూ ఈ తోటలోనే పాతిపెట్టారు. ఎక్కడో మాత్రం రాయలేదు."

అంటే ఇన్నాళ్లూ ఆమె మీదే నడిచానేమో.

బానిసలు పారిపోయి వచ్చి బతికిన నేల ఇదని మనవరాలికి ఎన్నిసార్లు చెప్పానో! సాయంత్రం ఫోన్‌లో విషయం చెప్పాను. "సో వాట్ విల్ యూ సే నౌ, అమ్మమ్మా?" అంది.

రాసిన ప్రసంగం చించేశాను. హన్నా గురించి కూడా మాట్లాడతానని చర్చి కమిటీకి మెయిల్ పెట్టాను. జవాబు రాలేదు. వద్దంటారేమో.

అన్నా సరే, ఆదివారం వెళ్తాను. ముందు ఆ పేరే చదువుతాను.